ఆయన కథల్లో నాన్నలు తాగరు

పదిహేడో కథ టైపు చేస్తుండగా తట్టింది నాకు. మా నాన్న కథల్లో నాన్నలెవరూ తాగరు.

కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, వెనక్కి పోయి ఒక్కో కథా తెరిచి చూశాను. మామలు తాగుతారు. చిన్నాన్నలు తాగుతారు. ఓట్లకొచ్చిన పెద్దమనుషులు తాగి పంచె జారిపోయి పడతారు. పిల్లలున్న మగాడు మాత్రం ఏ కథలో కనపడినా శుభ్రంగా తల దువ్వుకుని, చెప్పిన వేళకి ఇంటికొచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తాడు.

ఆ కథలన్నీ రాసినాయన ఆ వేళ ముందు గదిలో నవారు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట. కరెంటు పోయింది. వసారాలోకి వచ్చి నిలబడితే గచ్చు అరికాళ్ళని కాలుస్తోంది. కడుపులో బిడ్డ ఒకటే తన్నుడు. కూర్చోలేక, పడుకోలేక, ఇంటికీ గేటుకీ మధ్య ఆ వేసవంతా నేను నడుస్తూనే ఉన్నాను.

కిందటి ఏప్రిల్లో, ఏడో నెలలో, పురిటికి గురజాల వచ్చాను. మా ఆయన శరత్ నరసరావుపేటలో ఉద్యోగం వదిలి రాలేక ఆదివారాలు చర్చి వేళకి వచ్చి సాయంత్రం బస్సుకి పోయేవాడు. అమ్మ కృపామణి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పొద్దున్నే డ్యూటీకి పోయేది. నాన్న జక్కయ్య హైస్కూల్లో తెలుగు మాస్టారు. ముప్పై ఏళ్ళుగా కథలు రాస్తున్నాడు. విజయవాడ పబ్లిషరు ఒకాయన కథలన్నీ ఒక పుస్తకంగా వేస్తానని, జూన్ లోపల టైపు చేసి పంపమని అడిగాడు. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నా ఒళ్ళో పడింది.

వేసవి సెలవుల్లో నాన్నకి రోజులో రెండు భాగాలు. తెల్లారి అయిదు నుంచి పది దాకా ఆయన మనిషి. మాట చమత్కారంగా ఉండేది. చుక్కల ముగ్గులాంటి దస్తూరీ. పది దాటితే చొక్కా వేసుకుని "ఇప్పుడే వస్తానే" అని సందు చివర బ్రాందీ షాపుకి పోయేవాడు. వచ్చేసరికి ఆయన వేరు.

"మనవడో మనవరాలో వచ్చే లోపల మానేస్తా చూడు," అన్నాడు నేను వచ్చిన మర్నాడు, కాఫీ గ్లాసు నా చేతిలో పెడుతూ.

అమ్మ తల దువ్వుకుంటూ లోపలి నుంచే అంది: "ఇది పుట్టేముందూ అదే అన్నాడు. ప్రార్థన కూడా చేయించుకున్నాడు పాస్టరు గారి చేత."

"అప్పుడు కుర్రతనమే."

"ఇప్పుడేంది మరి?"

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

పదిహేడో కథ పేరు 'చప్టా'. నాన్నకి పేరు తెచ్చిన కథ అదే. అందులో ఏడేళ్ళ పిల్ల తుపాను వానలో బడి నుంచి ఒక్కతే నడిచి వస్తూ, నీళ్ళు పైనుంచి పారే వాగు చప్టా మీద జారి, రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుని మడమ విరగ్గొట్టుకుంటుంది. వాళ్ళ నాన్న నడుం లోతు నీళ్ళలో దిగి, పిల్లని భుజాన వేసుకుని, చెప్పులు వాగులో పోయినా చూసుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తుతాడు. ఆ పిల్లని నేనే. ఇప్పటికీ ఎక్కువ దూరం నడిస్తే ఎడమ మడమ పీకుతుంది. పెళ్ళిచూపుల్లో కూడా శరత్ వాళ్ళ పెద్దమ్మ, "ఆ కథలో పాపవి నువ్వేనంటగా," అని నా బుగ్గలు పుణికింది. నేను అవునన్నాను. నాన్న తెల్లచొక్కా, తడిసి నా చెంపకి అంటుకున్నది, నాకు బాగా గుర్తు.

మే నెల రెండో వారంలో మిస్బా వచ్చింది. మా వెనక సందులో ఉండే జాన్ సాహెబ్ మామయ్య మనవరాలు. పదో తరగతి పరీక్షలు రాసింది. లైబ్రరీలో పిల్లలకి వేసవి శిబిరం పెట్టారు. ఆఖరి రోజు మన ఊరి రచయిత కథ చదవాలని లైబ్రేరియన్ శ్రీకర్ గారు ఈ పిల్లకి 'చప్టా' ఇచ్చాడట. నాన్నేమో ముఖ్య అతిథి.

మిస్బా గడప దగ్గరే నిలబడింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది.

"లోపలికి రావే. ఎండలో ఏంది?"

"అక్కా, తాతయ్యకి తెలుగు చదవటం రాదు గదా, కథ నేనే చదివి వినిపించా. ప్రాక్టీసుకి." ఆగింది. "తాతయ్య అన్నం తినలేదక్కా."

"ఎందుకని?"

"అందులో ట్రాక్టరు డ్రైవరు ఉన్నాడు గదా, మస్తాను. పిల్ల మునిగిపోతా ఉంటే తాగి ట్రాక్టరు కింద పడి ఉంటాడే, అతనెవరు బేటీ అని అడిగాడు. కథలో మనిషి తాతయ్యా అన్నా. నాపరాళ్ళ ట్రాక్టరేనా అన్నాడు. అవునన్నా."

ఆ సాయంత్రం ఎండ వాలాక నేను వెళ్ళాను. జాన్ సాహెబ్ మామయ్య అరవై ఎనిమిదేళ్ళ మనిషి. దాచేపల్లి క్వారీల నుంచి నాపరాళ్ళ ట్రాక్టరు ముప్పై ఏళ్ళు తోలాడు. ఇప్పుడు మోకాళ్ళు పనిచెయ్యవు. ఇంటి ముందు బండ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో మామయ్యా, కూర్చో."

"నీకే కుర్చీ తెప్పిద్దామని. నిండు చూలాలివి." మిస్బా కుర్చీ తెచ్చింది. కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నాం. రెంటచింతలలో నలభై ఏడు దాటిందన్నాడు. తర్వాత ఆయనే ఎత్తాడు.

"మీ నాన్న బాగా రాశాడమ్మాయ్. వాగు అట్టాగే ఉంది. ఆ నీళ్ళ చప్పుడు, ఆ ఎర్రనీళ్ళు, అన్నీ నిజమే. చెప్పులు పోయింది మాత్రం నావి." నవ్వాడు. "పారగాన్ చెప్పులు. కొత్తవి."

ఆ మాట నాకు కొత్తది కాదు, అదే నన్ను కుదిపింది. నన్ను తెచ్చింది ఈయనేనని ఎప్పుడో, చానా చిన్నప్పుడు, నాకు తెలుసు. ఖాకీ చొక్కా. డీజిలు వాసన. చెవి దగ్గర "యా అల్లా, యా అల్లా" అని ఎగరొప్పు. తర్వాత కథ అచ్చయింది. బళ్ళో చదివారు, చర్చిలో చెప్పుకున్నారు, అందరూ నా బుగ్గలు పుణికారు. ఖాకీ చొక్కా మీద తెల్లచొక్కా ఎప్పుడు వచ్చి పడిందో నాకే తెలియదు. ఎనిమిదో తరగతిలో "మా నాన్న" అని వ్యాసం రాయమంటే చప్టా గురించే రాసి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ రోజు నాతో ఎవరూ అబద్ధం చెప్పించలేదు.

"ఎత్తుకుంది ఎవరైతే ఏందమ్మాయ్," అన్నాడు మామయ్య. "పిల్ల బతికింది. కథ ఆయనది, ఆయనిష్టం. నేనెవరినీ అడగను. కానీ..." గడ్డం నిమురుకున్నాడు. "జీవితంలో ఒక్క చుక్క ముట్టినోణ్ణి కాదు. క్వారీలో అందరూ తాగేవాళ్ళు, నేను టీ తాగి కూర్చునేవాణ్ణి. నా నోట్లో ఎందుకు పోశాడమ్మా ఆయన తాగింది? నా మనవరాలి నోటితో చదివించుకున్నానే దాన్ని."

మర్నాడు పొద్దున ఏడింటికి నాన్న కిటికీ పక్క బల్ల దగ్గర రాసుకుంటున్నాడు. అది ఆయన మనిషిగా ఉండే వేళ. అందుకే అప్పుడు వెళ్ళాను.

"'చప్టా' జాన్ సాహెబ్ మామయ్య విన్నాడు నాన్నా."

పెన్ను ఆగింది. "ఎవరు చదివారు?"

"మిస్బా."

కిటికీ బయటకి చూశాడు. "అది కథే."

"ట్రాక్టరుంది, నాపరాళ్ళున్నాయి, చప్టా ఉంది. పేరొక్కటే మార్చావు."

"కథకి కావాలి పింకీ. ఒకడు తాగి పడి ఉండాలి గదా అందులో. లేకపోతే ఆ పిల్ల ఆ వానలో ఒంటరిగా ఎందుకున్నట్టు?"

"ఉన్నాడుగా ఒకడు," అన్నాను.

నాన్న నా వంక చూడలేదు. పెన్నుకి క్యాప్ పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "ఆ కథ రాసిన నలభై రోజులూ ముట్టుకోలేదు. మీ అమ్మనడుగు. పొద్దున లేచి నీ కాలికి కట్టు మార్చి, నిన్ను చంకనేసుకుని బడికి తీసుకుపోయి, వచ్చి రాసేవాణ్ణి. ఆ కథలో నాన్న అబద్ధం కాదే. ఆ నలభై రోజులూ నేను వాణ్ణే."

"తర్వాత?"

"తర్వాత కథ అయిపోయింది."

నేను అమ్మనడిగాను. ఆసుపత్రి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. "నిజమే," అంది. "నలభై రోజులు. నేను లెక్కపెట్టుకున్నా."

"జాన్ సాహెబ్ మామయ్య సంగతి తెలిసీ ఎందుకూరుకున్నావమ్మా?"

అమ్మ చెంబు కింద పెట్టింది. "ఆ కథలో ఆయన నాక్కావలసిన మొగుడిలాగా ఉన్నాడే. చదివినప్పుడల్లా పోనీలే అనుకున్నా. తప్పే. జాన్ సాహెబన్న ఎదురైనప్పుడల్లా తల దించుకునే పోయా."

నాన్న ఆ రోజు సందు చివరికి పోలేదు. మర్నాడూ పోలేదు. మూడో రోజుకి చేతులు వణికి, చెమటలు పట్టి, మంచం మీద లేచి కూర్చుని, ఎదురుగా లేని ఎవరితోనో కోపంగా మాట్లాడాడు. అమ్మ ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. బిళ్ళలు ఇచ్చారు. వారం తిరిగేసరికి తేరుకున్నాడు. పొద్దున్నే నన్ను నడకకి తీసుకుపోయేవాడు. నా మడమ పీకితే ఆగి, రోడ్డు పక్క మైలురాయి తుడిచి కూర్చోబెట్టేవాడు. మిరప కళ్ళాలు ఖాళీ అయిన చేలల్లో రాలిన ఎర్రటి కాయలు ఇంకా మెరుస్తుండేవి. వాటిని చూపించి ఏదో కబురు చెప్పి నవ్వించేవాడు. ఒక్క వాక్యం కూడా రాయలేదు. బల్ల దగ్గర కూర్చోవటం, లేవటం.

ఇరవై ఎనిమిదేళ్ళలో అంత మంచి నాన్నని నేను చూడలేదు. అంత అశాంతి కూడా ఎరగను. తాగే రోజుల్లో ఆయన ఎక్కడున్నాడో తెలుసు, ఎట్టా వస్తాడో తెలుసు. ఎదురుచూసే పని లేదు. ఈ రోజుల్లో ఆయన పాల ప్యాకెట్టుకని బయటికెళ్ళినా గేటు చప్పుడయ్యేదాకా నాకు ఊపిరాడేది కాదు. నా దగ్గరికి రాగానే తెలియకుండానే వాసన చూసేదాన్ని. ఆయన అది కనిపెట్టి, ఒక రోజు తనే వంగి నా మొహం మీద ఊదాడు. "చూసుకో తల్లీ." ఇద్దరం నవ్వాం. కానీ ఆయన కళ్ళు నవ్వలేదు.

శిబిరం ఆఖరి రోజు జూన్ మొదటి వారంలో వచ్చింది. నాన్న ఎనిమిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ముందు జాన్ సాహెబు ఇంటికి పోయి, ఆయనతో మాట్లాడి, ఇద్దరం కలిసే వస్తాం. నువ్వు ఆటోలో వచ్చెయ్," అన్నాడు.

పదింటికి లైబ్రరీలో నలభై మంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. వెనక, న్యూస్‌పేపర్లు చదివే బల్ల దగ్గర జాన్ సాహెబ్ మామయ్య ఉన్నాడు. ఒక్కడే. నేను కళ్ళతో అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నాన్న వెనక సందు మొదటిదాకా వచ్చాడని, అక్కడ కాసేపు నిలబడి వెనక్కి తిరిగిపోయాడని తర్వాత మిస్బా చెప్పింది. ఎటు పోయాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పదిన్నర దాకా చూసి శ్రీకర్ గారు మొదలుపెట్టించాడు. మిస్బా చదివింది. గొంతు బాగుంది. వాన వచ్చింది, వాగు పొంగింది. మస్తాను పేరా దగ్గరికి రాగానే ఆగింది. కాగితం మీంచి తలెత్తి వెనక బల్ల వైపు చూసింది. తర్వాత ఒక పేజీ తిప్పేసి, పిల్ల చెయ్యి నీళ్ళ పైన కనపడిన చోటు నుంచి అందుకుంది. పిల్లలెవరికీ తెలియలేదు. గట్టిగా చప్పట్లు కొట్టారు.

"మాస్టారు రాలేకపోయారు," అన్నాడు శ్రీకర్. "కానీ మీకో విశేషం చెప్తా. ఆ కథలో పాప ఎవరో తెలుసా? ఈ అక్కే! అక్కా, వాళ్ళకి రెండు మాటలు చెప్పండి."

లేచాను. బల్ల అంచు పట్టుకున్నాను. ముందు వరసలో ఒక పిల్ల, "మీ నాన్న చెప్పులు దొరికినయ్యా అక్కా?" అని అడిగింది. అందరూ నవ్వారు.

"అవి మా నాన్న చెప్పులు కాదు," అన్నాను. "నన్ను వాగులోంచి తీసింది మా నాన్న కాదు. అదుగో, వెనక కూర్చున్నాడే, జాన్ సాహెబ్ మామయ్య. ట్రాక్టరు ఆపి దిగాడు. మా నాన్న ఆ రోజు బడికి రావలసినాయన, తాగి ఉండి రాలేదు. నాకు ముందు నుంచీ తెలుసు. చెప్పలేదు."

పిల్లలంతా మెడలు తిప్పి వెనక్కి చూశారు. మామయ్య టోపీ సర్దుకున్నాడు, కింద పేపరు కేసి చూశాడు, మళ్ళీ టోపీ సర్దుకున్నాడు.

"పిల్లని కూర్చోబెట్టండయ్యా," అన్నాడు చివరికి. "ఎంతసేపు నిలబడిద్ది?"

మర్నాడు పొద్దున ఏడింటికే నాన్నకి చెప్పాను. మళ్ళీ ఆయన బల్ల దగ్గరే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అందరి ముందా?"

"అందరి ముందే."

"తాగి ఉన్నానని కూడా?"

"చెప్పాను."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేదేమో. లేచి స్నానానికి పోయాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున రాస్తూనే ఉన్నాడు, పది దాటాక సందు చివరికి పోతూనే ఉన్నాడు. అయిదో రోజు నా లాప్‌టాప్ మీద రెండు కాగితాలు కనపడ్డాయి. ముగ్గులాంటి దస్తూరీ కాదు. అక్షరాలు వంకర్లు పోయాయి.

ఒక మనిషి బ్రాందీ షాపు రేకుల కింద బెంచీ మీద కూర్చుని ఉంటాడు. రేకుల మీద వాన. వానకి బడి వదిలేశారని ఎవరో అంటారు. అతనికి తెలుసు. పిల్ల గేటు దగ్గర నిలబడి ఉంటుందనీ తెలుసు. వాన తగ్గాక పోదాం అనుకుని గ్లాసు నింపుకుంటాడు. తర్వాత వాన తగ్గుతుంది. అతను మళ్ళీ నింపుకుంటాడు. అక్కడితో ఆగిపోయింది.

ఆయన రాసినవన్నీ టైపు చేసినదాన్ని నేను. అంత బాగా రాసిన రెండు పేజీలు అందులో లేవు. చదవటానికి అంత కష్టమైనవీ లేవు.

ఆ రోజే పబ్లిషరుకి ఫోన్ చేసి 'చప్టా' తీసెయ్యమన్నాడు. అవతల ఆయన లబలబలాడాడు. ఆ కథ లేకపోతే పుస్తకం ఎవరు కొంటారన్నాడు. "తీసెయ్యండి," అన్నాడు నాన్న. "దాన్ని మళ్ళీ రాయాలి. ఎప్పుడవుద్దో చెప్పలేను."

తర్వాత ఆ రెండు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెనక సందుకి పోయాడు. ఈసారి వెనక్కి తిరగలేదు.

"ఏం మాట్లాడుకున్నారే?" అని మిస్బాని అడిగాను.

"ఏం మాట్లాడుకోలేదక్కా. మీ నాన్న ఆ కాగితాలు చదివాడు. తాతయ్య అంతా విని, 'తర్వాత?' అన్నాడు. 'ఇంకా రాయలేదు జాన్ సాహెబూ' అన్నాడు మీ నాన్న. తాతయ్య టీ పెట్టమన్నాడు."

జూన్ మూడో వారంలో, తొలకరి పడీ పడని రోజు, నాకు ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం నాన్న ఆసుపత్రికి వచ్చి వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ పిల్లని తువ్వాలులో చుట్టి, "ఇదుగో, మీ మనవరాలు," అని చేతులు చాచింది.

నాన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇయ్యాల వద్దు కృపా," అన్నాడు మెల్లగా.

అమ్మ చేతులు అట్టాగే ఆగిపోయాయి. తాగిన రోజున తనంతట తనే వద్దనటం ఇన్నేళ్ళలో ఆమె విని ఉండదు. శరత్ ఏమీ అర్థంకాక నా వంక చూశాడు. నాన్న గుమ్మంలోంచే పిల్ల మొహం చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. నేను వాకిలి వైపు చూడకూడదనుకుంటూనే రోజంతా చూశాను. మూడో రోజు పదకొండింటికి వచ్చాడు. గడ్డం గీసుకుని తెగ్గోసుకున్నాడు, చెంప మీద కాగితం ముక్క అంటించుకున్నాడు. నా దగ్గరికొచ్చి వంగాడు. వాసన చూడాలని నాకు ఉంది, చూడాలని లేదు. చూశాను. సబ్బు వాసన.

కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. మంచం పక్కన గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చేతులు వణుకుతున్నాయే. కిందైతే పడే భయం లేదు. ఒళ్ళో పెట్టు," అన్నాడు.

అమ్మ వంగి పిల్లని ఆయన ఒళ్ళో పెట్టింది. పిల్ల ఆవులించింది. నాన్న ఊపిరి బిగబట్టి, రెండు మోకాళ్ళూ కాస్త పైకెత్తి, కదలకుండా కూర్చున్నాడు.

"ఎంతసేపు ఉంచుకోవచ్చు?" అని అడిగాడు తలెత్తకుండా.

అమ్మ నా వంక చూసింది.

"పాలకి ఏడ్చేదాకా," అంది అమ్మ.